రెండున్నర లక్షల్లో సైన్ బోర్డుల షాపు: కట్టర్ ముందా, లేజర్ ముందా, ప్రింటర్ ముందా?

సింగ్‌నగర్_శీను

అందరికీ నమస్తే. మాది బెజవాడ. గవర్నర్‌పేట సైడు ఒక ఫ్లెక్స్ షాపులో డిజైనర్‌గా చేస్తున్నా, కోరల్ డ్రా బాగానే వచ్చు, పెళ్లి ఫ్లెక్సులు పుట్టినరోజు ఫ్లెక్సులు కొట్టీ కొట్టీ విసుగొచ్చేసింది, ఇక సొంతంగా చిన్న సైన్ బోర్డుల షాపు పెడదామని డిసైడ్ అయ్యా. చేతిలో రెండున్నర లక్షలు ఉన్నాయి, అందులో సగం అమ్మ చీటీ పాడి ఇచ్చింది, అంటే పోతే పోయాయిలే అనుకునే డబ్బులు కాదు. షాపు అంటే అజిత్ సింగ్ నగర్లో మా ఇంటి ముందు గదే, 10 బై 14 ఉంటుంది, అద్దె లేదు, సింగిల్ ఫేజ్ కరెంటు.

చేద్దామనుకునేది షాపుల నేమ్ బోర్డులు, ఇళ్లకి డాక్టర్లకి అక్రిలిక్ నేమ్ ప్లేట్లు, అద్దాల మీద ఫ్రాస్టెడ్ స్టిక్కరు, బండ్ల స్టిక్కర్లు, కుదిరితే లైటు అక్షరాలు కూడా. ఇప్పుడు ఒక్కొక్కళ్లు ఒక్కోటి చెబుతున్నారు. ఒక డీలర్ అయితే రోజూ ఫోనే, 5 అడుగుల ఎకో సాల్వెంట్ ప్రింటర్ (స్టిక్కర్లు, బ్యానర్లు కొట్టే పెద్ద ప్రింటర్) తీసుకో, లక్ష కడితే చాలు మిగతాది ఈఎంఐ, ఆర్నెల్లలో మెషీన్ డబ్బులు వచ్చేస్తాయి అంటాడు. మా ఫ్రెండ్ గుంటూరులో చూసొచ్చి అక్రిలిక్ కోసి చెక్కే లేజర్ కొనరా అంటాడు. ఇంకోపక్క ఆటోనగర్లో ఒకాయన వాడిన 2 అడుగుల కట్టింగ్ ప్లాటర్, అంటే స్టిక్కరు కోసే కట్టర్, అమ్ముతున్నాడు, చైనాది, 32 వేలు చెప్పాడు, కాంటూర్ కూడా ఉందన్నాడు. ఆ కాంటూర్ అనేది నిజంగా పనికొస్తుందా లేక ఊరికే చెప్పుకోవడానికా?

ఇంకో భయం ఫ్లెక్స్ బ్యాన్. 2022 ఆగస్టులో అప్పటి సీఎం వైజాగ్‌లో బ్యాన్ అనేశారు, నవంబర్ 1 నుంచి అన్నారు, మళ్లీ 2023 జనవరి 26కి మార్చారు, ఆ కొన్ని నెలలు మా షాపు ఓనర్ మొహం చూడలేకపోయాం. మళ్లీ అట్టాంటిది వస్తే ప్రింటర్ కొన్నోడి గతి ఏంటి? ఈ లైన్లో ఉన్నోళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

రేడియం_బాబాయ్

తమ్ముడూ, ఆటోనగర్లో లారీలకి స్టిక్కరింగ్ చేసేవాణ్ణి, నా మాట వింటే ముందు కట్టర్. ఎందుకో చెప్తా. కట్టర్ ఖాళీగా ఉన్నా నీకు ఖర్చు లేదు, వారం రోజులు ముట్టుకోకపోయినా ఏం కాదు, గుడ్డ కప్పి పక్కన పెట్టొచ్చు. ప్రింటర్ అట్టా కాదు, దాని సంగతి ప్రింటర్ ఉన్నోళ్లే చెప్తారు. ఇంకోటి, నువ్వు సింగ్ నగర్ అన్నావు కాబట్టి చెప్తున్నా, 2024 సెప్టెంబర్లో బుడమేరు నీళ్లు మీ ఏరియాలో ఎంత ఎత్తు నిలబడ్డాయో నాకంటే నీకే బాగా తెలుసు. 2 అడుగుల కట్టర్‌ని ఇద్దరు పట్టుకుని మేడ మీదకి ఎక్కించేస్తారు. లేజరు, ప్రింటరు ఎవరు ఎక్కిస్తారు? ముందు గది నేల మీద ఏ మెషీన్ పెట్టినా ఈ సంగతి గుర్తుపెట్టుకో.

ఇక ఆ 32 వేల మెషీన్ గురించి. చైనా కట్టర్లు రెండు రకాలు, స్టెప్పర్ మోటారువి, సర్వో మోటారువి. స్టెప్పర్ అయితే గట్టిగా గీ గీ అని శబ్దం చేస్తుంది, స్పీడు తక్కువ, చిన్న అక్షరాల్లో వంపు దగ్గర మెట్లు మెట్లుగా తేలుతుంది. మన తెలుగు అక్షరాలన్నీ వంపులే కదా, ఇంగ్లీష్ బోర్డు కొట్టినోడికి కనపడని తేడా మనకి కనపడుతుంది. సర్వో అయితే ఆ ధరకి మంచిదే. ఏ మోటారో అడుగు, ఆయన తెలీదంటే ఆన్ చేసి చెవిపెట్టు, తెలిసిపోతుంది. రోలండ్, గ్రాఫ్‌టెక్ లాంటి కంపెనీలవి కొత్తవి లక్ష దాటతాయి, అవి గొప్పగా ఉంటాయి, కాదనను, కానీ నీ బడ్జెట్లో దానికే సగం పోతే మెటీరియల్ దేంతో కొంటావ్?

కాంటూర్ ఊరికే కాదు, అదే నిన్ను కాపాడేది. ప్రింట్ చేసిన స్టిక్కరు మూలల్లో మార్కులు ఉంటాయి, కట్టర్‌కి ఉన్న కన్ను వాటిని చూసుకుని బొమ్మ అంచు వెంబడే కోస్తుంది. అంటే నువ్వు ప్రింట్ బయట వేయించుకుని కటింగ్ నీ దగ్గర చేసుకోవచ్చు. కాకపోతే ఆ మార్కులు నీ కట్టర్ సాఫ్ట్‌వేర్ పెట్టినవే అయ్యుండాలి, ప్రింట్ షాపువాడు సైజు 'ఫిట్' చేశాడా అయిపోయింది, మొత్తం పక్కకి పోతుంది. పైన గ్లాసీ (మెరిసే) ల్యామినేషన్ వేస్తే ఆ మెరుపుకి కన్ను మార్కుల్ని సరిగ్గా పట్టదు ఒక్కోసారి, మార్కుల మీద ల్యామినేషన్ రాకుండా చూసుకో.

బ్లేడు 45 డిగ్రీలది మామూలు వినైల్ స్టిక్కరుకి, 60ది లైటు పడితే మెరిసే రిఫ్లెక్టివ్‌కి, మందం వాటికి. రిఫ్లెక్టివ్ లోపల గాజు పూసల్లాంటివి ఉంటాయి, బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, ఆ ఖర్చు కూడా రేటులో కలుపుకో. బ్లేడు ఎంత బయటికి పెట్టాలంటే, స్టిక్కరు తెగాలి, కింద కాగితం మీద గీత పడీపడనట్టు ఉండాలి, కాగితం తెగిందంటే ఎక్కువైనట్టు. ఈ ఒక్కటి కుదరక చాలామంది మెషీన్ బాగోలేదని అమ్ముకుంటారు, ఆ ఆటోనగర్ ఆయన కూడా అందుకే అమ్ముతున్నాడేమో ఎవరికి తెలుసు.

బండ్ల నంబర్ ప్లేట్ల జోలికి మాత్రం పోకు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హై సెక్యూరిటీ ప్లేట్లు కంపెనీ నుంచే వస్తున్నాయి, మునుపు రేడియం షాపులు సగం ఆ ప్లేట్ల మీదే బతికేవి, ఇప్పుడు ఆ బేరం లేదు, ఉన్నా చట్టం ఒప్పుకోదు. పేర్లు, దేవుడి బొమ్మలు, ట్రావెల్స్ పేర్లు, స్కూలు బస్సుల రాతలు, వీటికి మాత్రం కొదవ లేదు.

ఫ్లెక్సు_ఓనరు_గుంటూరు

ప్రింటర్ ఉన్నవాణ్ణి నేనే, చెప్తున్నా, కొనొద్దు బ్రదర్. ఇప్పుడైతే వద్దు.

ఎకో సాల్వెంట్ హెడ్ రోజూ తడిగా ఉండాలి. రోజూ ఆన్ చేసి క్లీనింగ్ కొట్టాలి, నాజిల్ చెక్ తీయాలి, ఆర్డర్ ఉన్నా లేకపోయినా ఇంకు తాగుతూనే ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లి నాలుగు రోజులు ఆపితే వచ్చేసరికి రెండు రంగులు ఎగిరిపోయి ఉంటాయి. ఏసీ కావాలి, దుమ్ము ఉండకూడదు. నీ ముందు గది రోడ్డు మీదకే అయితే ఆటోల దుమ్మంతా హెడ్ మీదే.

పైగా ఫ్లెక్స్ రేటు మన దగ్గర ఎట్టా కొట్టుకుంటున్నారో తెలుసుగా, అడుగుకి అర్ధరూపాయి తగ్గించి పక్కోడి కస్టమర్ని లాక్కుంటున్నారు. అందులోకి ఈఎంఐ పెట్టుకుని దూకుతావా? మాలాంటివాళ్లకి మెషీన్ ఆగకుండా తిరగాలి, అందుకే నీలాంటి డిజైనర్ ఫైలు రెడీగా తెచ్చిస్తే హోల్‌సేల్ రేటుకే వేసిస్తాం. మా మెషీన్ మా దగ్గర ఉండనివ్వు, ఇంకు మా నెత్తిన ఉండనివ్వు, నువ్వు బోర్డు అమ్ముకో. మార్జిన్ బోర్డులో ఉంది, ప్రింట్లో లేదు.

బ్యాన్ విషయం. రాష్ట్రం సంగతి ఎప్పుడెట్టా తిరుగుతుందో చెప్పలేం గానీ, 100 మైక్రాన్ల కంటే పల్చని పీవీసీ బ్యానర్ దేశం మొత్తం మీద 2022 జూలై 1 నుంచే నిషేధం. నీకెందుకు ఆ తలనొప్పి. ఏసీపీ (అల్యూమినియం రేకుల షీటు) బోర్డు, అక్రిలిక్ అక్షరాలు, వినైల్, వీటి మీద ఉంటే ఆ గొడవ నిన్ను అంతగా తాకదు.

బ్రాడీపేట_లేజర్

శీను గారూ, మీ ఫ్రెండ్ చెప్పిన లేజర్ పార్టీ మేమే అయ్యుండొచ్చు 😄 బ్రాడీపేటలో చేస్తాం. కొత్తపేట హాస్పిటళ్లు, అరండల్‌పేట కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్ల ఫ్లాట్ నంబర్లు, మాకు పని అంతా నేమ్ ప్లేట్ల మీదే. పైన బాబాయ్ గారు కట్టర్ అన్నారు, నేను మాత్రం లేజర్ వైపే. స్టిక్కరు ఎవడైనా కోస్తాడు. అక్రిలిక్ మీద పేరు చెక్కి, వెనక రంగు కొట్టి, నాలుగు స్టీల్ స్టడ్లు పెట్టి ఇస్తే డాక్టర్ గారు బేరం కూడా ఆడరు. చిన్న ముక్క మీద ఎక్కువ డబ్బు మిగిలేది అదే.

కానీ మీ బడ్జెట్లో లేజర్ కొంటే ఏం చూడాలో చెప్తా, ఎందుకంటే అమ్మేవాళ్లు ఇవేం చెప్పరు.

మొదటిది చిల్లర్. లేజర్ పుట్టే సీఓ2 ట్యూబ్ గాజుది, లోపల నీళ్లు తిరుగుతూ చల్లబరచాలి. తక్కువ రేటు ప్యాకేజీలో సీడబ్ల్యూ 3000 అని చిన్న డబ్బా ఇస్తారు, చూడ్డానికి చిల్లర్ లాగే ఉంటుంది, కానీ అది కారు రేడియేటర్ లాంటిదే, లోపల కంప్రెసర్ లేదు. గది వేడి కంటే నీళ్లని చల్లగా చేయలేదు. మే నెలలో బెజవాడలో 44, 45 ఉన్నప్పుడు నీళ్లు ఎంత ఉంటాయో మీరే ఆలోచించుకోండి. ట్యూబ్‌కి నీళ్లు 30 దాటితే పవర్ పడిపోతుంది, ఆయుష్షూ తగ్గిపోతుంది. కంప్రెసర్ ఉన్న సీడబ్ల్యూ 5000 గానీ 5200 గానీ అడగండి, డబ్బులెక్కువైనా. మళ్లీ దాన్ని 18కి పెట్టకండి, ఆగస్టు సెప్టెంబర్లో మన గాలిలో తేమకి ట్యూబ్ మీద చెమట పడుతుంది, హై వోల్టేజ్ దగ్గర నీటి చుక్క అంటే తెలుసుగా. మేము 25, 26 దగ్గర పెట్టుకుంటాం.

రెండోది ఎర్తింగ్. ఇంటి కరెంటుకి నడుస్తుంది, సింగిల్ ఫేజ్ చాలు, కానీ ఎర్త్ గుంత కొత్తగా తీయించుకోండి, ఇంట్లో పాత ఎర్త్ వైరు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదు.

మూడోది, దీన్ని మాత్రం రాసి గోడకి అంటించుకోండి: సన్‌బోర్డ్ (పీవీసీ ఫోమ్ షీటు), వినైల్, ఫ్లెక్స్, పీవీసీ అన్నది ఏదీ లేజర్లో పెట్టకూడదు. కాలితే క్లోరిన్ కలిసిన ఆమ్లపు పొగ వస్తుంది, ఊపిరితిత్తులకీ చేటు, మెషీన్ పట్టాలూ అద్దాలూ తుప్పు పట్టిపోతాయి. సన్‌బోర్డ్ అక్షరాలు కావాలంటే సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్‌తో నడిచి, తిరిగే బిట్‌తో షీట్లు కోసే మెషీన్) ఉన్నోళ్ల దగ్గర జాబ్ వర్క్ చేయించుకోండి. ఏసీపీ కూడా ఈ లేజర్‌తో తెగదు, అదీ రూటర్ పనే.

అక్రిలిక్ కొనేప్పుడు కాస్ట్ షీటా ఎక్స్‌ట్రూడెడ్ షీటా అడగండి. చెక్కడానికి కాస్ట్, తెల్లగా మంచులా పడుతుంది. ఎక్స్‌ట్రూడెడ్ మీద చెక్కితే రాత తేలదు, కోతకి మాత్రం బాగుంటుంది.

ఫ్లెక్సు_ఓనరు_గుంటూరు

లేజర్ గారూ, మంచి విషయాలు చెప్పారు గానీ పొగ గురించి చెప్పలేదే. ఇంటి ముందు గదిలో అక్రిలిక్ కోస్తే ఆ వాసనకి పక్కింటివాళ్లు రెండో రోజే గొడవకొస్తారు.

బ్రాడీపేట_లేజర్

కరెక్టే సార్. బ్లోయర్ పెట్టి పైపు మేడ పైదాకా తీసుకెళ్లాలి. ఇంకా చెప్పాలంటే కోస్తున్నంత సేపు అక్కడే నిలబడాలి, టీకి పోయి వచ్చేలోపు అంటుకున్న మెషీన్లు ఉన్నాయి. మొత్తం కలిపి మంచి సైజు లేజరు, సరైన చిల్లరు, బ్లోయరు, ఎర్తింగు అంటే రెండున్నర లక్షలు దానికే అయిపోతాయి, ఆ మాట ఒప్పుకుంటా. చిన్న బెడ్ది, 2 అడుగులు బై అడుగున్నరది తీసుకుంటే డబ్బులు మిగులుతాయి, నేమ్ ప్లేట్లకి చాలు.

సింగ్‌నగర్_శీను

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బుడమేరు మాట నిజం బాబాయ్, మా వీధిలో ఫ్రిజ్‌లు తేలాయి. ప్రింటర్ ఆలోచన అయితే ఇక మానేసినట్టే, డీలర్ ఫోన్ ఎత్తట్లేదు 😅

ఇంకో డౌటు. కట్టర్ మీద తెలుగు కోయిస్తే ఎట్టా వస్తుంది? మా షాపులో ఫ్లెక్స్ ప్రింటే కాబట్టి అను ఫాంట్లు (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) వాడి పంపేస్తాం, ఎప్పుడూ ప్రాబ్లం రాలేదు. మా ఫ్రెండ్ ఒకడు కట్టర్ మీద కొట్టిస్తే అక్షరాల మధ్యలో అడ్డంగా కోతలు పడ్డాయన్నాడు. అదేంటి? ఫిట్టింగ్‌కి ఏం సామాన్లు కొనాలో కూడా చెప్పండి, అది నాకసలు తెలీదు, డిజైన్ వరకే నా పని.

రేడియం_బాబాయ్

అది వెల్డ్ చేయకపోతే, అంటే ఒకదాని మీద ఒకటి ఎక్కిన ముక్కల్ని సాఫ్ట్‌వేర్లో ఒకటిగా కలపకపోతే, వచ్చే జబ్బు. అను ఫాంట్లలో అక్షరం ఒక్క ముక్క కాదు, అక్షరం వేరు, గుణింతం వేరు, కింద వత్తు వేరు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ప్రింట్లో అంతా ఒకే రంగు కాబట్టి కనపడదు. కట్టర్ అట్టా చూడదు, ప్రతి గీతా కోయాలనుకుంటుంది, అందుకని 'మీ' లో మకారం మీదకి గుడి దీర్ఘం ఎక్కినచోట అక్షరం లోపలే కోత పడుతుంది, పీకేటప్పుడు ముక్క ఊడిపోతుంది. కోరల్లో కర్వ్స్ చేసి, అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి వెల్డ్ కొట్టు, తర్వాత వైర్‌ఫ్రేమ్ వ్యూలో పెట్టి ఒక్కో అక్షరం చూడు, లోపల గీతలేం కనపడకూడదు. యూనికోడ్ ఫాంట్లలో కూడా కొన్నిట్లో ఇదే ఉంటుంది, వెల్డ్ కొట్టకుండా ఏ తెలుగు ఫైలూ పంపకు.

కోరల్ పాత వెర్షన్లో యూనికోడ్ తెలుగు వత్తులు చెల్లాచెదురు అయిపోతాయి. ఇంక్‌స్కేప్ అని ఫ్రీగా ఉంది, అందులో తెలుగు సరిగ్గా వస్తుంది, పాత్ మెనూలో యూనియన్ అంటే మన వెల్డే. దొంగ కోరల్‌తో షాపు నడిపేకంటే అది నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే. ఫాంట్లు కూడా గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి బోలెడు ఉన్నాయి, రామభద్ర, మల్లన్న, ఎన్టీఆర్, రవిప్రకాష్ ఇట్టా, వ్యాపారానికి వాడుకున్నా డబ్బులు కట్టక్కర్లా. స్టిక్కర్ కోతకి రామభద్ర లాంటి లావువి తీసుకో. సన్నగీతల ఫాంటుతో చిన్న సైజు కోస్తే వత్తు ఒక్కోటి గోటితో పీకలేక ఏడుస్తావ్.

బోర్డు_ఆర్టిస్ట్_నల్లపాడు

చదువుతున్నా మీ మాటలన్నీ. నేను బ్రష్షుతో బోర్డులు రాసినవాణ్ణి. ఫ్లెక్స్ వచ్చాక మా పని పోయింది, మాలో చాలామంది ఆటోలు తోలుకుంటున్నారు, నేను ఇప్పటికీ గోడల మీద రాస్తాను, పురుగుమందుల కంపెనీలకి, సిమెంటుకి, ఊళ్ల వెంట. అది సరే.

బాబూ మెషీన్ల సంగతి నీకు పెద్దవాళ్లు చెప్పారు. అక్షరం సంగతి నేను చెప్తాను. డిజైనర్లందరూ చేసే పనేంటంటే 'శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర కిరాణా' అని పొడుగు పేరిస్తే, బోర్డు ఎత్తు సరిపోక పక్కకి లాగేస్తారు. అక్షరం పొట్ట వెడల్పయి పోతుంది, గీత లావు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా. తెలుగుకి పైన గుడి కావాలి, కింద వత్తుకి చోటు కావాలి, 'క్ష్మీ' అంటే ఎంత కిందకి దిగుతుందో చూడు. ఇంగ్లీష్ అక్షరం బోర్డు ఎత్తులో మూడొంతుల్లో రెండొంతులు ఆక్రమించినా బాగుంటుంది, తెలుగుకి అట్టా పెడితే వత్తు అంచుకి తగులుతుంది. మేమైతే ముందు దారం కొట్టుకునేవాళ్లం సుద్దపొడితో, అక్షరం ఒంటికి రెండు గీతలు, పైన గుణింతానికి ఒకటి, కింద వత్తుకి ఒకటి. కంప్యూటర్లో నువ్వు గైడ్ లైన్లు అట్టానే పెట్టుకో. పేరు పొడుగైతే 'శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర' చిన్నగా పైన, 'కిరాణా' పెద్దగా కింద. బజార్లో పోయేవాడికి కావాల్సింది కిరాణా అన్నమాటే.

దూరం లెక్క కూడా ఉంది. 10 అడుగులకి ఒక ఇంచు అక్షరం అని ఇంగ్లీషుకి చెబుతారు. తెలుగుకి నేను దానికి సగం కలుపుతాను. ఏలూరు రోడ్డు లాంటి వెడల్పు రోడ్డులో అవతలి పక్కనుంచి కనపడాలంటే ఎంత కావాలో గజం టేపుతో కొలిచి మరీ చెప్పు కస్టమర్‌కి, అప్పుడు నిన్ను నమ్ముతాడు. రంగులు, ఎర్ర మీద నీలం వద్దు. ఎరుపు మన ఎండకి ముందు వెలిసిపోతుంది, పడమర మొహం షాపు అయితే ఇంకా తొందరగా.

మన దగ్గర షాపు బోర్డు మీద తెలుగు ఉండాలని రూలే ఉంది, అయినా ఇంగ్లీషు పెద్దగా, తెలుగు మూలన చీమంత. కస్టమర్ అడిగితే అది కూడా చెప్పి చూడు.

సింగ్‌నగర్_శీను

గురువు గారూ 🙏 గుణింతానికి వత్తుకి వేరే గీతలు అన్నారే, అది మా షాపులో ఎవరూ చెప్పలేదు. ఇన్నాళ్లూ లాగి పడేయడమే.

ఫిట్టింగ్_మేస్త్రి_బెంజిసర్కిల్

ఫిట్టింగ్ అడిగావు కదా అన్నా. అందరూ మెషీన్ల గురించే కొట్టుకుంటారు, బోర్డు గోడకి ఎక్కించేవాడు లేక ఆర్డర్లు ఆగిపోతాయి. నీ రెండున్నర లక్షల్లో పాతిక ముప్పై వేలు దీనికి పక్కన పెట్టు. 12 అడుగుల అల్యూమినియం నిచ్చెన, ఇనపది వద్దు బరువు, మంచి హ్యామర్ డ్రిల్లు, 6 నుంచి 12 దాకా బిట్లు, ఫాస్టనర్లు, పాప్ రివెట్ గన్ను, సిలికాన్ గన్ను, లెవెల్, స్టీలు స్కేలు, స్క్వీజీ, హీట్ గన్ను, స్ప్రే బాటిల్. స్టిక్కరు గ్లాసు మీద వేసేటప్పుడు నీళ్లలో రెండు చుక్కలు షాంపూ కలిపి కొట్టి వేస్తే జరుపుకోవచ్చు, బుడగ రాదు. ఎండలో కాలిపోయే అద్దం మీద మాత్రం మధ్యాహ్నం వేయకు, పొద్దున్నే పో.

ఫ్రేముకి వెల్డింగ్ మెషీన్ నువ్వు కొనక్కర్లా, వెల్డింగ్ షాపులో ఇంచు స్క్వేర్ పైపుతో కొట్టించుకో, ప్రైమర్ వేశాడో లేదో చూసుకో.

లైటు అక్షరాలకి లెక్క. అక్షరం లోపల పెట్టే ఎల్ఈడీ మాడ్యూల్ మీద వాట్స్ రాసి ఉంటుంది. 1.2 వాట్స్‌వి 60 పడితే 72 వాట్స్, 12 వోల్టులకి 6 యాంప్స్. అందుకని 6 యాంప్స్ ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టులు చేసే డబ్బా) కొన్నావంటే ఎండాకాలంలో చచ్చిపోతుంది, 80 శాతానికి మించి లోడు పెట్టకూడదు, 100 వాట్స్‌ది వెయ్. రెయిన్‌ప్రూఫ్‌ది. మాడ్యూళ్లన్నీ ఒకే లైన్లో పొడుగ్గా గొలుసు కడితే చివరి అక్షరం మసగ్గా వెలుగుతుంది, కస్టమర్ సాయంత్రం ఫోన్ చేస్తాడు. రెండు మూడు వైర్లుగా విడగొట్టి ఎస్ఎంపీఎస్ నుంచి తీసుకో.

అన్నిటికన్నా ముఖ్యం, కరెంటు తీగలు. మన బజార్లలో మొదటి అంతస్తు బాల్కనీ పక్కనే 11 కేవీ లైను పోతుంటుంది. తాకక్కర్లా, ఇనప ఫ్రేము దగ్గరికి పోయినా చాలు. ఫ్లెక్స్ కడుతూ పోయినోళ్ల వార్త ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం. అట్టాంటి చోట లైన్‌మ్యాన్‌తో మాట్లాడి లైను తీయించాకే ఎక్కు, కస్టమర్ తొందరపెట్టినా ఎక్కకు. ఆర్డర్ పోతే పోనీ.

కృష్ణలంక_ఆడిటర్

మధ్యలో దూరుతున్నా, డబ్బుల విషయం ఎవరూ చెప్పలేదు. శీను గారూ ఇంకా షాపు మొదలుపెట్టలేదు కదా? అయితే ఆగండి. పీఎంఈజీపీ అని బ్యాంకు లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్రం స్కీమ్ ఉంది, కొత్త యూనిట్లకే ఇస్తారు, ఒకసారి మొదలుపెట్టేశాక అప్లై చేస్తే రాదు. సిటీలో అయితే జనరల్ వాళ్లకి ప్రాజెక్టు ఖర్చులో 15 శాతం, బీసీ ఎస్సీ ఎస్టీ మైనారిటీ మహిళలకి 25 శాతం సబ్సిడీ, పల్లెలో పెడితే 25, 35. మీ వాటా జనరల్‌కి 10 శాతం, మిగతావాళ్లకి 5. సబ్సిడీ చేతికి రాదు, బ్యాంకులో మీ పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి తర్వాత లోన్లో తగ్గుతుంది. అమ్మగారి పేరు మీద పెట్టే ఆలోచన కూడా చేయొచ్చు. కాకపోతే బ్యాంకు వాళ్లు కొత్త మెషీన్ కొటేషన్ అడుగుతారు, ఆటోనగర్ సెకండ్ హ్యాండ్‌కి ఇది పనికిరాదు. లేజర్ తర్వాత కొంటారనుకుంటే దాన్ని ఈ స్కీమ్‌లో పెట్టాలా, కట్టర్ సొంత డబ్బుతో కొని మొదలెట్టేయాలా అనేది ముందే తేల్చుకోండి, రెండూ కుదరవు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఫ్రీ, ఆన్‌లైన్లో మీరే చేసుకోండి, ఎవరికీ డబ్బులివ్వకండి.

సింగ్‌నగర్_శీను

ఆడిటర్ గారూ, ఇంట్లో మాట్లాడా. లోన్ అంటే అమ్మ భయపడుతోంది, స్కీమ్ వదిలేసి కట్టర్‌తోనే మొదలుపెడదామని ఫిక్స్ అయ్యాం. ప్రింట్ గుంటూరు సార్ లాంటివాళ్ల దగ్గర, ఏసీపీ సన్‌బోర్డ్ కోత రూటర్ వాళ్ల దగ్గర, అక్రిలిక్ బ్రాడీపేట అన్న దగ్గర చేయించుకుంటా, జాబ్ వర్క్ చేస్తారు కదా అన్నా? నేమ్ ప్లేట్ల ఆర్డర్లు ఆగకుండా వస్తుంటే అప్పుడు చిన్న లేజర్ చూస్తా. నిచ్చెన, డ్రిల్లు ఈ వారమే. ఉద్యోగం ఒకేసారి మానకుండా సాయంత్రాలు, ఆదివారాలు చేస్తూ చూస్తా.

ఆదివారం ఆటోనగర్ వెళ్లి ఆ మెషీన్ చూడాలి. బాబాయ్, చూసేటప్పుడు ఏం టెస్ట్ చేయాలి? ఆయన మామూలుగా ఒక గులాబీ పువ్వు కోసి చూపిస్తున్నాడంట అందరికీ.

బ్రాడీపేట_లేజర్

చేస్తాం శీను, ఫైలు వాట్సాప్‌లో కాకుండా మెయిల్లో పంపించు, కర్వ్స్ చేసి, మిల్లీమీటర్లలో. రేటు మాట్లాడుకుందాం.

రేడియం_బాబాయ్

గులాబీ పువ్వు ఏ మెషీనైనా కోస్తుంది, దాన్ని చూసి మోసపోకు. పెన్‌డ్రైవ్‌లో నీ ఫైళ్లు నువ్వు తీసుకెళ్లు. ఒకటి, 'శ్రీ లక్ష్మీ జ్ఞానప్రసూనాంబ' అని వెల్డ్ చేసి అర ఇంచు ఎత్తులో, అదే మాట పావు ఇంచులో. పీకి చూడు, సున్నా మొదలెట్టినచోటే మూసుకుందా, కొస దగ్గర తోకలాగా మిగిలిందా. రెండు, 3 మీటర్ల పొడుగు డబ్బా ఒకటి, సన్నటి దీర్ఘచతురస్రం, చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చేసరికి గీత మీద గీత పడాలి, పక్కకి పోయిందంటే రోలర్లు అరిగాయి, అవి మార్చాల్సిందే, అంత రేటు తగ్గించమను. మూడు, కాంటూర్. ప్రింట్ షాపులో ఆ మెషీన్ సాఫ్ట్‌వేర్ మార్కులతో ఒక ఏ3 స్టిక్కరు ముందే వేయించుకోవాలి కాబట్టి శనివారమే ఆయన దగ్గర సాఫ్ట్‌వేర్ ఏదో కనుక్కో, ఒరిజినల్ డాంగిల్ (సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి యూఎస్‌బీకి పెట్టే తాళం లాంటిది) ఉందా లేదా కూడా అడుగు, డాంగిల్ లేకపోతే కాంటూర్ ఉన్నా లేనట్టే. బ్లేడు కింద తెల్ల పట్టీ ఉంటుంది, దాని మీద లోతుగా గాట్లు ఉంటే కొత్త పట్టీ వేయమను, అది తక్కువ ఖర్చే. స్టిక్కరు ముక్క కూడా నీదే తీసుకెళ్లు, ఆయనది వద్దు.

ఇవన్నీ బాగుంటే 27కి అడుగు, 29 దాకా పోవచ్చు. నేను ఆదివారం పొద్దున షాపులోనే ఉంటా, మెసేజ్ పెట్టు, వచ్చి ఒకసారి చెవిపెట్టి వింటా.